ఒకే మార్కెట్, 28 వేలంపాటలు

బెంగళూరు విమానాశ్రయానికి దగ్గర్లోనే దేవనహళ్ళి తాలూకా ఉంది. ఏరోస్పేస్ పార్కు కోసం అక్కడి చన్నరాయపట్న హోబళిలో 1,777 ఎకరాలు తీసుకుంటామని కర్ణాటక ప్రభుత్వం పూనుకుంటే, 13 గ్రామాల రైతులూ కూలీలూ మూడేళ్ళకు పైగా ధర్నాలో కూర్చున్నారు. రైతు సంఘాలు, దళిత సంఘాలు, కార్మిక సంఘాలు వాళ్ళ వెంట నిలబడ్డాయి. చివరికి 2025 జూలై 15న ముఖ్యమంత్రి సిద్ధరామయ్య ఆ భూసేకరణను విరమించుకుంటున్నట్టు ప్రకటించారు. ఈ మధ్యకాలంలో భూమి మీద బతికేవాళ్ళు ఇంత స్పష్టంగా గెలిచిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

ఆ గెలుపు వార్త చల్లారకముందే ఆంధ్రప్రదేశ్ ఐటీ మంత్రి నారా లోకేష్ ఎక్స్ వేదికగా ఏరోస్పేస్ పరిశ్రమను పలకరించారు. మీరు మా రాష్ట్రం వైపు ఎందుకు చూడకూడదు, మంచి పాలసీ ఉంది, మంచి రాయితీలున్నాయి, బెంగళూరుకు ఆనుకునే 8,000 ఎకరాలకు పైగా భూమి సిద్ధంగా ఉంది అన్నది దాని సారాంశం. మన తెలుగు పత్రికలు ఆ పోస్టును చురుకుదనంగా మెచ్చుకున్నాయి. కన్నడ మంత్రులు జవాబిచ్చారు. రెండు రోజులు అదొక సరదా. ఒక రాష్ట్రంలో రైతులు సాధించుకున్నది పక్క రాష్ట్రానికి ప్రకటన బోర్డు అయిపోయిందన్న సంగతి ఆ సరదాలో ఎవరికీ పట్టలేదు.

నేను చేస్తున్న పీహెచ్‌డీ రాష్ట్రాల పారిశ్రామిక ప్రోత్సాహకాల మీద. సెమినార్లలో ఈ రంగాన్ని రెండు వేర్వేరు గదుల్లో చర్చిస్తారు. ఒక గదిలో జీఎస్టీ, చెక్‌పోస్టుల తొలగింపు, జాతీయ రహదారులు, అంటే దేశం ఒకే మార్కెట్టుగా మారడం. రెండో గదిలో పోటీ సమాఖ్య విధానం, అంటే పెట్టుబడుల కోసం రాష్ట్రాలు ఒకదానితో ఒకటి పోటీపడటం. రెండు గదుల్లోనూ చప్పట్లే. మొదటి గదిలో జరిగినదానికీ రెండో గదిలో జరుగుతున్నదానికీ సంబంధం ఏమిటని అడిగితే మాత్రం, అది మీ థీసిస్‌లో రాసుకోండి అంటారు. థీసిస్‌ను నలుగురు చదువుతారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నా వాదన సూటిగా చెప్తాను. మార్కెట్టును ఏకం చేసే క్రమంలో రాష్ట్రాల చేతిలోని పన్ను ఆయుధాలను ఒక్కొక్కటిగా తీసేశారు. పోటీ మాత్రం ఆగలేదు. రాష్ట్రాల చేతిలో ఇంకా మిగిలి ఉన్నవాటి మీదికి అది జరిగింది. మిగిలినవి ఏమిటి? భూమి, నీళ్ళు, కరెంటు, కూలివాడి పని గంట. ఆ భూమిలో పెద్ద భాగం ఎవరి కింద ఉందో, ఆ పని గంట ఎవరి ఒంటిదో ఈ పత్రిక చదివేవాళ్ళకు వివరించి చెప్పనక్కర్లేదు.

దేశంలో వర్తక వాణిజ్యాలు స్వేచ్ఛగా సాగాలని రాజ్యాంగం 301వ అధికరణ చెప్తుంది. కానీ అర్ధ శతాబ్దం పాటు ప్రతి రాష్ట్రం సరిహద్దులో చెక్‌పోస్టు పెట్టుకుని కూర్చుంది. 1980లు, 90లలో ఫ్యాక్టరీ కావాలంటే సేల్స్ ట్యాక్స్ సెలవు ఇవ్వడమే రివాజు. నువ్వు ఏడేళ్ళు మాఫీ చేస్తే నేను పదేళ్ళు చేస్తానన్నట్టు సాగింది. అందరి ఖజానాలూ కారిపోతుంటే, 1999 నవంబర్‌లో అప్పటి కేంద్ర ఆర్థిక మంత్రి యశ్వంత్ సిన్హా ముఖ్యమంత్రులను కూర్చోబెట్టారు. 2000 జనవరి 1 నుంచి అందరికీ ఒకే కనీస రేట్లు ఉండాలని, పారిశ్రామిక రాయితీగా సేల్స్ ట్యాక్స్ మినహాయింపులను ఆపేయాలని ఒప్పందం కుదిరింది. అమలులో లొసుగులు ఉండొచ్చు. అయినా ఒక్క మాట గుర్తుపెట్టుకోవాలి: పోటీకి ఒక అడుగు గీత గీయడం ఈ దేశంలో ఒకసారి సాధ్యమైంది. ఖజానాకు నష్టం వచ్చింది కాబట్టి సాధ్యమైంది.

తర్వాత వ్యాట్ వచ్చింది, 2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది. చెక్‌పోస్టులు లేచిపోయాయి. ఇక్కడ జీఎస్టీలోని ఒక మెలిక చూడాలి. అది వినియోగం జరిగిన చోటికి వెళ్ళే పన్ను. అనంతపురం ప్రాంతంలోని పెనుకొండ దగ్గర కియా కారు తయారై పుణేలో అమ్ముడుపోతే, అందులో రాష్ట్ర వాటా మహారాష్ట్రకు పోతుంది. తయారుచేసిన రాష్ట్రానికి ఆ అమ్మకం మీద పన్ను రాదు. ఆ లెక్కన ఫ్యాక్టరీ కోసం రాష్ట్రం పెట్టే పాట తగ్గాలి, ఎందుకంటే ఫ్యాక్టరీ వల్ల ఖజానాకు నేరుగా వచ్చేది తగ్గింది. కానీ పాట పెరిగింది. ఈ చిక్కుముడి నన్ను చాలాకాలం వేధించింది. ఉద్యోగాల కోసం అని ఒక జవాబు ఉంది, అది కొంతవరకే నిజం. నేను తేల్చుకున్నది ఇది: ఖజానాకు రానిది ఫ్యాక్టరీ చుట్టుపక్కల భూమికి వస్తుంది. ఒక ఒప్పందం వార్త పేపర్లో పడ్డ మర్నాడే ఆ రోడ్డు పొడుగునా వెంచర్ల జెండాలు లేస్తాయి. ఆ రోడ్డు పక్కన ముందే భూమి కొనిపెట్టుకోగల కులాలేవో, శాసనసభలో ఆ పాలసీ రాసే కులాలేవో పక్కపక్కన పెట్టి చూడండి. రాష్ట్ర ప్రయోజనం అన్న మాటకు ఒక ఇంటిపేరు కనిపిస్తుంది.

ఇప్పుడు భూమి సంగతి. 2013 భూసేకరణ చట్టం రెండు రక్షణలు ఇచ్చింది. ప్రైవేటు ప్రాజెక్టుకైతే 80 శాతం, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యానికైతే 70 శాతం భూ యజమానుల అంగీకారం. దానితోపాటు సామాజిక ప్రభావ మదింపు. ఈ రెండోది మనకు ముఖ్యం, ఎందుకంటే పట్టా లేని కూలీ, కౌలుదారు, పశువులు మేపుకునేవాడు కాగితం మీద కనిపించేది అక్కడే. చట్టం అమల్లోకి వచ్చి కొన్నేళ్ళు కాకముందే గుజరాత్ 2016లో సవరణ చేసుకుంది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2018లో అదే దారి పట్టాయి. పారిశ్రామిక కారిడార్లు వంటివాటికి ఆ అంగీకారం, ఆ మదింపు అక్కర్లేదన్నాయి. పార్లమెంటు చేసిన చట్టాన్ని రాష్ట్రాలు ఇలా తగ్గించుకోవాలంటే 254(2) అధికరణ కింద రాష్ట్రపతి ఆమోదం కావాలి. అడిగినవాళ్ళకు దొరికింది. కేంద్రం తాను 2015లో ఆర్డినెన్సుతో చేయబోయి విరమించుకున్న పనిని రాష్ట్రాల పోటీ చేసి పెట్టింది.

మాది పాలమూరు జిల్లా. జడ్చర్ల దగ్గరి పోలేపల్లి సెజ్ గురించి మా తరం పిల్లలు ఇంట్లో వింటూ పెరిగారు. వెయ్యి ఎకరాలకు దగ్గరగా పోయింది. పోయినవాళ్ళలో దళితులు, లంబాడాలు, చిన్న బీసీ రైతులు. పట్టా భూమికి ఒక రేటు, లావుణి పట్టాకు అంతకంటే తక్కువ రేటు. అసైన్డ్ భూమి అంటే మన దగ్గర అదొక విచిత్రమైన ఆస్తి. 1977 చట్టం ప్రకారం పేదవాడు దాన్ని అమ్ముకోకూడదు, అది అతని మేలు కోసమే. సర్కారు మాత్రం ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కి తీసుకోవచ్చు, అది ప్రజా ప్రయోజనం కోసం. 2004లో మేకల పండు కేసులో ఉమ్మడి హైకోర్టు విస్తృత ధర్మాసనం, అసైన్డ్ రైతుకు కూడా పట్టాదారుతో సమానంగా పరిహారం ఇవ్వాలని చెప్పింది. తీర్పు వచ్చి 20 ఏళ్ళు దాటింది. అయినా ఇవాళ్టికీ పరిశ్రమకు భూమి వెతికే తహసీల్దారు కళ్ళు ముందు వెళ్ళేది అసైన్డ్, బంచరాయి, పోరంబోకుల మీదికే. తొందరగా దొరుకుతుంది, చౌకగా దొరుకుతుంది, కోర్టుకు వెళ్ళే స్తోమత ఉన్నవాళ్ళు అందులో తక్కువ. పెట్టుబడిదారుడికి భూమి సిద్ధంగా ఉందని ఒక మంత్రి చెప్పినప్పుడల్లా, ఎవరు ఖాళీ చేస్తే సిద్ధమైందో నేను ముందు చూస్తాను. లగచర్లలో 2024 నవంబర్‌లో లంబాడా రైతులు జైలుకు వెళ్ళింది కూడా భూమిని సిద్ధం చేసే పనిలో భాగంగానే. ఫార్మా కోసం ఇచ్చిన నోటిఫికేషన్‌ను వెనక్కి తీసుకుని, అదే చోట పారిశ్రామిక కారిడార్ అన్నారు. బోర్డు మారింది.

భూమి తర్వాత గంట.

బాబాసాహెబ్ పని దినాన్ని 14 గంటల నుంచి 8 గంటలకు తగ్గించారని మన పోస్టర్ల మీద రాస్తుంటాం. చట్టం పుస్తకంలో ఉన్నది కాస్త వేరు. చిన్నదిగా కనిపించినా నా దృష్టిలో అదే గట్టి ఆయుధం. 1934 ఫ్యాక్టరీల చట్టం ఏడాది పొడుగునా నడిచే ఫ్యాక్టరీలకు వారానికి 54 గంటలు, రోజుకు 10 గంటలు పరిమితి పెట్టింది. వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో లేబర్ మెంబర్‌గా ఉన్న అంబేడ్కర్ 1946లో తెచ్చిన సవరణ దాన్ని వారానికి 48, రోజుకు 9 చేసింది. స్వతంత్ర భారతం 1948 చట్టంలో ఆ 48, 9 అలాగే ఉన్నాయి. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం రోజు పరిమితిని 9 నుంచి 10కి పెంచాలని నిర్ణయించింది. మూడు నెలలకు ఓవర్‌టైమ్ పరిమితిని 75 గంటల నుంచి 144కి పెంచాలని కూడా. మరుసటి నెలలో తెలంగాణ వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటలకు అనుమతిస్తూ ఉత్తర్వు ఇచ్చింది, వారానికి 48 దాటితే ఓవర్‌టైమ్ అన్న షరతుతో. కర్ణాటక అప్పటికే 2023లో 12 గంటల షిఫ్టుకు తలుపు తెరిచింది. అదే ఏడాది ఏప్రిల్‌లో తమిళనాడు కూడా బిల్లు పాస్ చేసింది. కార్మిక సంఘాలూ మిత్రపక్షాలూ తిరగబడితే పక్కనపెట్టి, మే డే రోజున వెనక్కి తీసుకున్నట్టు ప్రకటించింది.

వరస చూడండి. ఒకరు చేశారు, పక్కవాళ్ళు చేశారు, ఇక మేమెలా చేయకుండా ఉంటామని మూడోవాళ్ళు. అంబేడ్కర్ తగ్గించిన ఆ ఒక్క గంటను 79 ఏళ్ళ తర్వాత మళ్ళీ యజమాని చేతిలో పెట్టింది అమరావతిలో ఒక మంత్రివర్గ సమావేశం. అదే ప్రభుత్వాలు ఏప్రిల్ 14న విగ్రహాలకు దండలు వేస్తాయి.

ఇలా రాష్ట్రాల పోటీలో పల్చబడింది చివరికి దేశ చట్టమవుతుంది. 300 మందికన్నా తక్కువ పనిచేసే సంస్థల్లో ప్రభుత్వ అనుమతి లేకుండానే కార్మికులను తీసేయవచ్చని 2014లో రాజస్థాన్ మొదలుపెట్టింది. అంతకుముందు ఆ గీత 100 దగ్గర ఉండేది. తర్వాత ఇతర రాష్ట్రాలు అందుకున్నాయి. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్లలో ఆ 300 దేశమంతటి నిబంధన అయింది. పన్నుల విషయంలో ఖజానాలు కారిపోతుంటే కేంద్రం కనీస రేటు పెట్టింది. కార్మికుడి విషయంలో అందరికంటే కిందికి దిగిన రాష్ట్రం ఎక్కడ ఆగిందో అక్కడే గీత గీసింది. దీన్నే కొందరు సహకార సమాఖ్య విధానం అంటున్నారు.

డబ్బు సంగతి క్లుప్తంగా. 2025 ఏప్రిల్‌లో విశాఖలో టీసీఎస్‌కు 21.16 ఎకరాలు 99 పైసలకు ఇచ్చారు. అక్టోబర్‌లో గూగుల్ విశాఖ డేటా సెంటర్ ఒప్పందం కుదిరింది, అయిదేళ్ళలో 15 బిలియన్ డాలర్లని ప్రకటించారు. అందుకోసం ఆంధ్రప్రదేశ్ ఇస్తున్న రాయితీలు 22,000 కోట్లని కర్ణాటక మంత్రి ప్రియాంక్ ఖర్గే ఆరోపించారు. ఆంధ్ర తిండిలాగే మా పెట్టుబడులూ కారంగా ఉన్నాయి, పక్కవాళ్ళకు మండుతున్నట్టుందని లోకేష్ చమత్కరించారు. చమత్కారం బాగానే ఉంది. ఒక్కో ఉద్యోగానికి ఎంత ప్రజాధనం, ఎన్ని నీళ్ళు, ఎంత కరెంటు అన్న లెక్కను ఇద్దరిలో ఏ ఒక్కరూ ప్రజల ముందు పెట్టలేదు. గుజరాత్ సనంద్‌లో మైక్రాన్ చిప్ ప్యాకేజింగ్ ప్లాంటు ఖర్చులో కేంద్రం 50 శాతం, రాష్ట్రం 20 శాతం భరిస్తున్నాయి. వంద రూపాయల ప్రాజెక్టులో 70 రూపాయలు జనానివి, యాజమాన్యం మాత్రం కంపెనీది. 1947లో 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో కీలక పరిశ్రమలు రాజ్యం చేతిలో ఉండాలని అంబేడ్కర్ రాస్తే అది కాలం చెల్లిన సోషలిజమని మా డిపార్ట్‌మెంట్లలో నవ్వుతారు. 70 శాతం డబ్బు పెట్టి సున్నా శాతం హక్కు తీసుకోవడం మాత్రం ఆధునిక పారిశ్రామిక విధానం.

ఈ డబ్బు ఆకాశం నుంచి రాదు. మన ఫీజు రీయింబర్స్‌మెంటు, హాస్టల్ మెస్ బిల్లులు, ఈ రాయితీలు, అన్నీ అదే బడ్జెట్టులో నుంచి రావాలి. నేను పీజీ చదివిన కాలేజీ, ప్రభుత్వం ఫీజు బకాయి పడిందని నా సర్టిఫికెట్లు ఏడాదికి పైగా ఆపింది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇది చదివేవాళ్ళలో సగం మందికి ఆ కథ తెలిసే ఉంటుంది. పెట్టుబడిదారుడికి ఇచ్చిన మాటను సార్వభౌమ హామీ అంటారు. ఎస్సీ విద్యార్థికి ఇచ్చిన మాట పేరు బకాయి.

సర్టిఫికెట్ అన్నాను కాబట్టి ఈ ఒకే మార్కెట్టులో నాకు అన్నిటికన్నా అన్యాయంగా తోచే విషయానికి వస్తాను. తిరుపూర్ బనియన్ గౌహతికి వెళ్తుంది, సరిహద్దులో ఎవరూ ఆపరు. ముంబయి పెట్టుబడి శ్రీకాకుళం వస్తుంది, ఎర్ర తివాచీ పరుస్తారు. పాలమూరు లేబర్ పుణే వెళ్తుంది, మేస్త్రీ వెనక లారీలోనో రైలు జనరల్ పెట్టెలోనో. వెళ్ళిన చోట అతని మాలతనం, మాదిగతనం అతనికంటే ముందే చేరుతుంది; అద్దె ఇల్లు వెతికితే తెలుస్తుంది. కానీ అతని కుల ధ్రువీకరణ పత్రం మాత్రం రాష్ట్ర సరిహద్దు దాటగానే చెల్లదు. రాజ్యాంగం 341వ అధికరణ ప్రకారం షెడ్యూల్డ్ కులాల జాబితా ఆ రాష్ట్రానికి సంబంధించినది మాత్రమే. 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో, ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీగా గుర్తింపు ఉన్న కుటుంబంలో పుట్టి చిన్నప్పుడే తండ్రి ఉద్యోగంతో బొంబాయి వెళ్ళిన విద్యార్థికి మహారాష్ట్ర మెడికల్ కాలేజీలో ఆ హోదా వర్తించదని సుప్రీంకోర్టు తేల్చింది. 2018లో బీర్ సింగ్ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఆ సూత్రాన్నే ఖాయం చేసింది.

ఆ తీర్పుల్లో తర్కం లేదని నేననను. వెనుకబాటు ఆయా ప్రాంతాన్ని బట్టి ఉంటుంది, బయటివాళ్ళు వచ్చి స్థానిక దళితుల సీట్లు తీసుకోకూడదు అన్న భయం నిజమైనదే. కానీ అంత జాగ్రత్తగా సరిహద్దు గీసిన రాజ్యం, సరుకుకూ పెట్టుబడికీ ఆ సరిహద్దును చెరిపేసినప్పుడు, ఆ సరుకును మోసేవాడి హక్కు ఏమవుతుందని ఒక్క పేరా కూడా రాయలేదు. రేషన్ కార్డును దేశమంతా చెల్లేలా చేశారు, మంచిదే. ఆకలికి దేశమంతా ఒకటే, ఆత్మగౌరవానికి మాత్రం మీ సొంత జిల్లా కలెక్టరు దగ్గరికి వెళ్ళండి.

స్థానికులకు ఉద్యోగాల చట్టాలు ఈ లోటు తీరుస్తాయని కొందరు మిత్రులు అంటారు. ఆంధ్రప్రదేశ్ 2019లో పరిశ్రమల్లో 75 శాతం స్థానికులకే అని చట్టం చేసింది. హర్యానా అలాంటి చట్టమే చేస్తే 2023లో హైకోర్టు కొట్టేసింది. కర్ణాటక 2024లో బిల్లు తెచ్చి రెండు రోజుల్లో అటకెక్కించింది. ఈ చట్టాల్లో స్థానికుడికి ఊరు ఉంటుంది, కులం ఉండదు. ఫ్యాక్టరీకి భూమిచ్చిన ఊళ్ళో సూపర్‌వైజర్ ఎవరి కొడుకు అవుతాడో, సెప్టిక్ ట్యాంకులో దిగేది ఎవరి కొడుకో ఆ చట్టానికి సంబంధం లేదు.

నన్ను అభివృద్ధి వ్యతిరేకి అంటారని తెలుసు. ఆ మాట నాకు అంటదు. ఊరు వదిలిపోగలగడమే మా ఇంట్లో మొదటి విముక్తి. వ్యవసాయం మీద ఆధారపడ్డ జనాన్ని పరిశ్రమ వైపు తీసుకెళ్ళాలని అంబేడ్కర్ 1918లోనే, భారతదేశంలో చిన్న కమతాల మీద రాసిన వ్యాసంలో వాదించారు. అచ్యుతాపురంలోనో శ్రీసిటీలోనో బస్సు దిగి గేటు లోపలికి వెళ్ళే దళిత ఆడపిల్లకు ఆ జీతం ఏమిటో నాకు పాఠం చెప్పనక్కర్లేదు. ఆ ఫ్యాక్టరీ ఏ షరతు మీద వచ్చిందన్నదే నా పేచీ. రాజ్యం పక్కకు తప్పుకుంటే మిగిలే స్వేచ్ఛ భూస్వామిది, పని గంటలు పెంచి కూలి తగ్గించే యజమానిదే అవుతుందని ఆయన 1947లోనే హెచ్చరించారు. ఇప్పుడు రాజ్యం పక్కకు తప్పుకోవడం లేదు. గంటలు పెంచే పనిని తానే ముందుండి చేస్తోంది.

ఇంకో అభ్యంతరం దీనికంటే గట్టిది. వెనుకబడ్డ ప్రాంతాలు రాయితీ ఇవ్వకపోతే పరిశ్రమ అక్కడికి ఎందుకు వస్తుంది, పెనుకొండకు కియా ఎలా వచ్చేది అని. నిజమే, కరువు సీమకు చెయ్యి అందించాల్సిందే. కానీ వేలంపాటలో గెలిచేది ఎవరు? జేబులో డబ్బున్నవాడు. 2022లో వేదాంత ఫాక్స్‌కాన్ చిప్ ప్రాజెక్టు కోసం పోటీ పడింది మహారాష్ట్ర, గుజరాత్‌లు. బీహార్ కాదు, ఒడిశా కాదు. చివరికి ఆ ప్రాజెక్టు కట్టకముందే 2023లో ఫాక్స్‌కాన్ తప్పుకుంది, అది వేరే హాస్యం. వెనుకబడ్డ ప్రాంతాల పట్ల కేంద్రం ఎలా ప్రవర్తించిందో చూడాలంటే రవాణా చార్జీల సమీకరణ విధానాన్ని చూడాలి. 1950ల నుంచి 1990ల మొదటి వరకు ఉక్కు దేశంలో ఎక్కడ కొన్నా ఒకే ధర పడేలా రైలు చార్జీని సర్దారు. ఇనుము, బొగ్గు తమ నేలలో ఉన్నందుకు నేటి జార్ఖండ్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్, బెంగాల్ ప్రాంతాలకు దక్కాల్సిన సౌలభ్యం అలా పోయింది. పత్తికి మాత్రం అలాంటి సమీకరణ లేదు. ఒకే మార్కెట్ అనే మాట అప్పుడూ ఉంది. ఆదివాసీ నేలలోని ఖనిజం దేశమంతటిదీ అయింది, పశ్చిమ తీరం మిల్లుల దగ్గరి లాభం పశ్చిమ తీరానిదే అయింది. ఏకీకరణ ఎప్పుడూ ఎవరో ఒకరి నష్టం మీద జరిగింది. ఆ ఎవరో అన్నవాళ్ళు ప్రతిసారీ ఒకళ్ళే.

మరి ఏం చేయాలి? పోటీని నిషేధించమని నేను అడగడం లేదు. పోటీ కింద నేల ఉండాలంటున్నాను. యూరోపియన్ యూనియన్ ఒకే మార్కెట్టుగా మారినప్పుడు, సభ్య దేశాలు కంపెనీలకు ఇచ్చే ప్రభుత్వ సాయం మీద అదుపు కూడా ఒప్పందంలోనే పెట్టుకుంది; పెద్ద రాయితీకి కమిషన్ అనుమతి కావాలి. చైనా 2022లో ఏకీకృత జాతీయ మార్కెట్ గురించి మార్గదర్శకాలిచ్చింది, స్థానిక ప్రభుత్వాలు ఇష్టారాజ్యంగా రాయితీలు గుప్పించకుండా 2024 ఆగస్టు నుంచి నిబంధనలు అమల్లోకి తెచ్చింది. అక్కడ అవి కార్మికుడి కోసం పుట్టలేదు, ఆ భ్రమ నాకు లేదు. అయినా మార్కెట్టును ఏకం చేసినవాడు వేలాన్ని అదుపు చేయాలన్న ఇంగితం రెండు చోట్లా ఉంది. మన దగ్గర 301 నుంచి 304 వరకు అధికరణల అమలుకు ఒక సంస్థను పెట్టుకోవచ్చని 307వ అధికరణ చెప్తుంది. అలాంటి సంస్థను ఇంతవరకు పెట్టలేదు. 263 కింద ఏర్పడ్డ అంతర్రాష్ట్ర మండలి 2016 జూలైలో సమావేశమైంది, ఆ తర్వాత ఏళ్ళ తరబడి కూర్చోలేదు. జీఎస్టీ కౌన్సిల్ మాత్రం పాప్‌కార్న్ మీద ఎంత పన్నో తేల్చడానికి కూడా కూర్చుంటుంది. పాప్‌కార్న్‌కు ఉన్న గౌరవం పని గంటకు లేదు.

దక్షిణాది అయిదు రాష్ట్రాలు కేంద్రం పిలుపు కోసం ఆగాల్సిన పని కూడా లేదు. నియోజకవర్గాల పునర్విభజన మీద కలిసి కూర్చోవాలన్న ఆలోచన వచ్చినవాళ్ళకు, రోజుకు 9 గంటలు దాటనివ్వం, సామాజిక ప్రభావ మదింపు లేకుండా ఎకరం కూడా తీసుకోం, అసైన్డ్ భూమి జోలికి పోం అన్న మూడు మాటల మీద కూర్చోవడం ఎందుకు కష్టం? బెంగళూరుకు కావలసింది హిందూపురంలో చౌకగా దొరకదని తేలితే దేవనహళ్ళి రైతు గెలుపు గెలుపుగా మిగులుతుంది. కంపెనీ చెన్నైకీ బెంగళూరుకీ విశాఖకీ మధ్య ఎంచుకోవాలనుకుంటే ఓడరేవు చూసి, ఇంజినీర్లను చూసి, కరెంటు నాణ్యత చూసి ఎంచుకోనివ్వండి.

రాయితీకి సామాజిక షరతు పెట్టడం కూడా కొత్త ఊహ కాదు. 2007లో ఉత్తరప్రదేశ్‌లో మాయావతి ప్రభుత్వం, రాష్ట్ర సాయం తీసుకునే ప్రైవేటు సంస్థల్లో 10 శాతం ఎస్సీలకు, 10 శాతం ఓబీసీలకు, 10 శాతం అగ్రకుల పేదలకు అని విధానం ప్రకటించింది. అది ఎంత దూరం నడిచిందన్నది వేరే చర్చ. సూత్రం మాత్రం సరైనది: ప్రజల సొమ్ము తీసుకున్న మేరకు ప్రజల పట్ల బాధ్యత. తెలంగాణలో 2014 నుంచి టీ-ప్రైడ్ ఉంది, దళిత పారిశ్రామికవేత్తలకు అదనపు రాయితీలు ఇస్తుంది, మంచిదే. కానీ వందమందిలో ఒకడు యజమాని అయితే మిగతా 99 మంది గేటు బయటే ఉంటారు. రాయితీ తీసుకున్న ఫ్యాక్టరీలో రిజర్వేషన్ ఉండాలి. ఆ వాటాలో, స్థానిక దళితుల సీట్లు తగ్గకుండా అదనంగా, వలస వచ్చిన ఎస్సీ, ఎస్టీ కార్మికుల సొంత రాష్ట్ర ధ్రువీకరణ పత్రం చెల్లాలి. పెట్టుబడి దేశమంతటిదైతే దాని బాధ్యత కూడా దేశమంతటిదే. దీనికి 341వ అధికరణను సవరించే పని లేదు, కంపెనీతో రాసుకునే ఒప్పందంలో ఒక క్లాజు చాలు. ఆ ఒప్పందాలను మాత్రం వాణిజ్య రహస్యం అంటున్నారు.

యూనివర్సిటీల్లో ఉన్నవాళ్ళం ఇక్కడే పని మొదలుపెట్టొచ్చు. అంబేడ్కర్ కొలంబియాకు సమర్పించిన పరిశోధన బ్రిటిష్ ఇండియాలో ప్రాంతీయ ఆర్థిక వ్యవస్థ మీద. 1925లో పుస్తకంగా వచ్చింది. కేంద్రానికీ ప్రాంతాలకూ మధ్య డబ్బు ఎలా పంచుకుంటారన్న పొడి లెక్కల పుస్తకం అది. ఆయన జయంతికి మనం జరిపే వంద సెమినార్లలో ఒక్కటైనా ఆ పుస్తకం మీద ఉండదు. ఆర్థిక శాస్త్రం వాళ్ళది, సామాజిక న్యాయం మనది అని ఎవరు పంచిపెట్టారో గానీ మనం ఒప్పుకున్నాం. ఈ ఏడాది మా జిల్లాలో గత పదేళ్ళలో పరిశ్రమలకు కేటాయించిన భూముల మీద సమాచార హక్కు దరఖాస్తులు పెడుతున్నాను. సర్వే నంబరు వారీగా అందులో అసైన్డ్ ఎంత. ఒక్కో కంపెనీకి ఇచ్చిన రాయితీ ఎంత. ఆ కంపెనీ జీతాల పట్టీలో ఎస్సీ, ఎస్టీ, బీసీలు ఏ స్థాయిలో ఎందరు. మూడో ప్రశ్నకు అలాంటి రికార్డు నిర్వహించడం లేదన్న జవాబు వస్తుందని అనుభవమున్న మిత్రులు ముందే చెప్పారు. ఆ జవాబును కూడా రాతపూర్వకంగా, ముద్రతో సహా తీసుకుంటాను. శ్రీ సత్యసాయి జిల్లాలో ఎవరైనా పరిశోధక విద్యార్థి ఉంటే, బెంగళూరు పక్కన సిద్ధంగా ఉందన్న ఆ 8,000 ఎకరాల మీద ఇవే మూడు ప్రశ్నలు పెట్టండి.